ఈ-గ్రామ్‌స్వరాజ్: చివరి మెట్టు కనిపిస్తుంది, మధ్య మెట్టు కనిపించదు

శ్రీకాకుళం జిల్లా కవిటి మండలంలో ఏ వీధి కుళాయి తిప్పినా అందులోంచి వచ్చే నీటికి లెక్క నాలుగు చోట్ల ఉంటుంది. ఇంటింటికీ గొట్టం వేసింది జలజీవన్ మిషన్ అయితే ఖర్చులో కేంద్రానిది సగం, రాష్ట్రానిది సగం. హిరమండలం రిజర్వాయరు నుంచి ఉద్దానానికి నీరు తెచ్చే రూ.700 కోట్ల పథకం రాష్ట్రం చేపట్టింది. 2023 డిసెంబరులో అది ప్రారంభమైంది. గొట్టం పగిలితే అతుకు వేయించాల్సింది, ట్యాంకు కడిగించాల్సింది, బ్లీచింగు కొనాల్సింది పంచాయతీ. ఆ డబ్బు ఎక్కువగా కేంద్ర ఆర్థిక సంఘం (కేంద్ర పన్నుల్లోంచి రాష్ట్రాలకు, స్థానిక సంస్థలకు ఎంతివ్వాలో చెప్పే సంఘం) గ్రాంటులోంచి వస్తుంది. మోటారు కరెంటు బిల్లూ పంచాయతీ నెత్తినే. నీళ్లు రాకపోతే మాత్రం ఊరంతా వెళ్లి నిలబడేది సర్పంచు గుమ్మం ముందు.

ఆ గుమ్మం ముందుకు వెళ్లేలోపు చూసుకోవాల్సిన చోటు ఒకటుంది. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ 2020 ఏప్రిల్ 24న, పంచాయతీరాజ్ దినోత్సవం నాడు మొదలుపెట్టిన ఈ-గ్రామ్‌స్వరాజ్ పోర్టల్. మీ పంచాయతీకి ఆర్థిక సంఘం డబ్బు ఎంత జమైందో, ఏ పనికి ఎంత చెల్లించారో లాగిన్ లేకుండా, రూపాయి ఖర్చు లేకుండా ఎవరైనా చూడొచ్చు. మా తీర్పు ముందే చెప్పేస్తాం. ఊళ్లో ఖర్చు లెక్కకు దీన్ని మించిన సాధనం ప్రస్తుతం లేదు. డబ్బు ఎందుకు ఆలస్యమైందన్న ప్రశ్నకు మాత్రం ఇది జవాబు చెప్పదు, ఎందుకంటే ఢిల్లీకీ ఊరికీ మధ్యనున్న మెట్టు ఇందులో లేదు. ఆ తేడా తెలియకుండా చదివితే తప్పు మనిషిని నిలదీస్తాం.

ముందు తెరిచే పద్ధతి. ఫోన్‌లోనూ తెరుచుకుంటుంది గానీ పట్టికలు వెడల్పుగా ఉంటాయి. సచివాలయంలోనో నెట్ సెంటర్లోనో కంప్యూటరు మీద చూస్తే కళ్లకు హాయి. రిపోర్టుల భాగంలోకి వెళ్లి ఆర్థిక సంవత్సరం, రాష్ట్రం, జిల్లా, మండలం, పంచాయతీ వరసగా ఎంచుకుని, తెర మీద కనిపించే అక్షరాలు టైపు చేయాలి. మండలం అన్న మాట అక్కడ ఉండదు, బ్లాక్ పంచాయత్ అని ఉంటుంది. సంవత్సరం అంటే ఏప్రిల్ నుంచి మార్చి. ఫిబ్రవరిలో జరిగిన పనిని కొత్త సంవత్సరంలో వెతికితే దొరకదు.

జిల్లా దగ్గర చాలామంది పొరబడతారు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్లింది. రాజాం, వంగర, సంతకవిటి, రేగిడి ఆమదాలవలస విజయనగరంలో చేరాయి. ఆమదాలవలస మాత్రం శ్రీకాకుళంలోనే ఉంది. ఈ రెండు ఆమదాలవలసల్నీ ఒకటనుకుంటే వేరే ఊరి లెక్క చదువుతాం. ఊరి పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో రాసే తీరు కూడా ఒకలా ఉండదు. అందుకే ప్రతి పంచాయతీకి కేంద్రం ఇచ్చిన ఎల్‌జీడీ (లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ) కోడ్‌ను కార్యదర్శిని అడిగి ఒకసారి రాసిపెట్టుకోవాలి. పేరు తేడా పడొచ్చు, కోడ్ తేడా పడదు.

చూడాల్సినవి మూడే. మొదటిది ఆమోదించిన కార్యాచరణ ప్రణాళిక, అంటే గ్రామసభ తీర్మానంతో ఎక్కించిన జీపీడీపీ (గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక). రెండోది జమా ఖర్చుల పట్టిక. మూడోది వోచర్ల వివరం. చాలామంది నేరుగా రెండోదానికి వెళ్లి, మొత్తం చూసి, ‘లక్షలు వచ్చాయి, ఏం చేశారు?’ అని అడుగుతారు. వరస తిప్పండి. ముందు ప్రణాళిక తెరిచి అందులో ఉన్న పనులు ఒక కాగితం మీద రాసుకోండి, తర్వాత వోచర్లలో వాటి జతలు వెతకండి. ప్రణాళికలో ఉండి వోచరు లేని పని అంటే ఇంకా జరగలేదు, లేదా జరిగినా బిల్లు రాలేదు. వోచరు ఉండి వీధిలో పని లేకపోతే అప్పుడు ఎం-బుక్ (పని కొలతల పుస్తకం) అడగాలి. కొలతలు వేసి సంతకం పెట్టిన ఇంజినీరు ఎవరో అందులో ఉంటుంది.

ఇప్పుడు జమ వైపు. అక్కడ కనిపించే అంకె అర్థం కావాలంటే అది బయల్దేరిన చోటు తెలియాలి. పలాస జీడిపప్పుతో చూద్దాం. పలాసలో దుకాణదారు రూ.100 విలువైన పప్పును ఇచ్ఛాపురం కొనుగోలుదారుకి అమ్మితే 5 శాతం జీఎస్టీ పడుతుంది. రూ.2.50 రాష్ట్ర జీఎస్టీ, రూ.2.50 కేంద్ర జీఎస్టీ. అదే పప్పు ఇచ్ఛాపురం దాటి బరంపురం వ్యాపారికి వెళితే ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య అమ్మకాల మీద పడే జీఎస్టీ) అవుతుంది, రాష్ట్ర వాటా ఒడిశాకి చేరుతుంది. పప్పు ఒలిచింది ఇక్కడే అయినా పన్ను తిన్నవాడి రాష్ట్రానిది. 2017 జులై 1 నుంచి వినియోగమున్న చోటికే పన్ను అన్న పద్ధతి ఇది.

ఇక ఇచ్ఛాపురం అమ్మకంలో కేంద్రానికి వెళ్లిన ఆ రూ.2.50 సంగతి. 2021 ఏప్రిల్ నుంచి 2026 మార్చి వరకు అమలుకు ఎన్‌.కె.సింగ్ అధ్యక్షతన 15వ ఆర్థిక సంఘం చెప్పింది ఏమిటంటే, కేంద్రం పంచుకోవాల్సిన పన్నుల నికర రాబడిలో 41 శాతం రాష్ట్రాలన్నిటికీ. వై.వి.రెడ్డి అధ్యక్షతన 14వ సంఘం ఇచ్చింది 42; జమ్మూకశ్మీర్ రాష్ట్రం కేంద్రపాలిత ప్రాంతాలుగా మారడంతో ఒక శాతం తగ్గింది. 41 శాతమంటే రూ.2.50లో దాదాపు రూ.1.02. అందులో ఆంధ్రప్రదేశ్ వాటా 4.047 శాతం. లెక్క కడితే నాలుగు పైసల చిల్లర! పలాసలో వసూలైనదని పలాసకే రాదు. దేశమంతటి కుండలో పడి, జనాభా, వైశాల్యం, అడవి, తలసరి ఆదాయంలో వెనకబాటు లాంటి కొలతలతో తిరిగి వస్తుంది. 15వ సంఘం ఒక్క వెనకబాటు కొలతకే 45 శాతం బరువు ఇచ్చింది. మన దగ్గర వసూలైనదాంట్లో మనకెంత తిరిగొచ్చిందని అడిగేవాళ్లు ఈ సంగతి కూడా లెక్కలోకి తీసుకోవాలి. శ్రీకాకుళం, విజయనగరం లాంటి జిల్లాల వాళ్లం మన రాష్ట్రం లోపల వాదించేదీ ఇదే కొలతతో కదా.

కుండలోకే చేరని పన్నులు కూడా ఉన్నాయి. సెస్సులు, సర్‌ఛార్జీలు రాష్ట్రాలతో పంచుకోనక్కర్లేదు. రాజ్యాంగం 270, 271 అధికరణలు ఆ వెసులుబాటు ఇచ్చాయి. 2021-22 బడ్జెట్లో పెట్రోలుపై పంచుకోదగ్గ మూల ఎక్సైజ్ సుంకాన్ని లీటరుకు రూ.1.40 చేశారు. కేంద్రం తీసుకునే మిగతాదంతా సెస్సు, అదనపు సుంకాల పేరుతోనే. ఒకే లీటరు, ఒకే కేంద్రం. పేరు మారితే పంపకం మారిపోతుంది. ఈ విషయంలో రాష్ట్రాల అభ్యంతరం న్యాయమైనదని మా అభిప్రాయం.

పంచాయతీకి వచ్చేది ఈ 41 శాతంలోంచి కాదు. చాలామంది ఈ రెండిటినీ కలిపేస్తారు. 41 శాతం రాష్ట్ర ఖజానాలో కలుస్తుంది, రాష్ట్రం దాన్ని జీతాలకైనా పింఛన్లకైనా వాడుకోవచ్చు. పంచాయతీ గ్రాంటు దానికి వేరుగా, స్థానిక సంస్థలకని చెప్పి ఇచ్చేది. 15వ సంఘం అయిదేళ్లకు దేశంలోని గ్రామీణ స్థానిక సంస్థలకు సిఫార్సు చేసింది రూ.2,36,805 కోట్లు. 14వ సంఘం మొత్తం గ్రామ పంచాయతీలకే ఇవ్వగా, 15వ సంఘం మండల, జిల్లా పరిషత్తులకూ పంచింది. గ్రామ పంచాయతీలకు 70 నుంచి 85 శాతం మధ్య ఉండాలన్నది నియమం. కాబట్టి పాత సంవత్సరాల జమకూ 2020 తర్వాతి జమకూ నేరుగా పోలిక పెట్టకండి.

గ్రాంటు లోపల ఇంకో గోడ ఉంది. అక్కడే ఊళ్లలో ఎక్కువ తగాదాలు. 15వ సంఘం గ్రాంటు రూ.10 లక్షలు వచ్చాయనుకోండి. అందులో రూ.6 లక్షలు కట్టిపెట్టిన నిధి, టైడ్ గ్రాంటు. రూ.3 లక్షలు పారిశుద్ధ్యానికి, బహిరంగ మలవిసర్జన లేని స్థితి నిలబెట్టడానికి, ఇంకో రూ.3 లక్షలు తాగునీరు, వాననీటి సంరక్షణ, వాడిన నీటి పునర్వినియోగానికి. మిగిలిన రూ.4 లక్షలే అన్‌టైడ్. వీధి దీపమైనా, సీసీ రోడ్డయినా, శ్మశానం దారైనా అందులోంచే. దాన్ని కూడా జీతాలకు, కార్యాలయ నిర్వహణకు వాడకూడదు. ‘ఖాతాలో ఆరు లక్షలున్నాయి, మా వీధికి రోడ్డెందుకు వెయ్యరు?’ అంటే జవాబు చాలాసార్లు ఇదే. ఆ ఆరు లక్షలు నీటివీ చెత్తవీ. పోర్టల్‌లో టైడ్, అన్‌టైడ్ విడివిడిగా చూసుకుంటే సగం గొడవ అక్కడే తీరుతుంది. ఒక చిన్న వెసులుబాటు ఉంది. నీరు, పారిశుద్ధ్యం రెండిట్లో ఒకదాని అవసరం పూర్తిగా తీరిందని ధ్రువీకరిస్తే ఆ డబ్బు రెండోదానికి వాడొచ్చు. రోడ్డుకు మాత్రం మళ్లించకూడదు.

ఖర్చు వైపు ఈ పోర్టల్ చేసిన అసలు మేలు చెక్కుబుక్కు పోవడం. ఆర్థిక సంఘం డబ్బు ప్రత్యేక బ్యాంకు ఖాతాలో ఉంటుంది. చెల్లింపు పీఎఫ్‌ఎంఎస్ (కేంద్రం నడిపే ఆన్‌లైన్ చెల్లింపుల వ్యవస్థ) ద్వారా నేరుగా పనిచేసినవాళ్ల ఖాతాకు వెళుతుంది. ఒకరు బిల్లు తయారుచేయాలి, ఇంకొకరు ఆమోదించాలి. మామూలుగా కార్యదర్శి మేకర్, సర్పంచు చెకర్. ఇద్దరి డిజిటల్ సంతకాలూ పడితేనే డబ్బు కదులుతుంది, వోచరు కదిలిన తేదీ అందరికీ కనిపిస్తుంది.

ఆగిపోయే చోట్లూ ఇక్కడే ఉన్నాయి. ఇది తెలిస్తే పనిచేసిన మేస్త్రీ, మోటారు బాగుచేసిన మెకానిక్ నెలల తరబడి తిరగక్కర్లేదు. అన్నిటికన్నా మామూలుది బ్యాంకు కోడ్. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. మన పల్లెల్లో ఎక్కువ ఖాతాలున్న గ్రామీణ వికాస్ బ్యాంకు శాఖలు 2025 మే 1 నుంచి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో ఉన్నాయి. పాత పాసుపుస్తకం మీదున్న ఐఎఫ్‌ఎస్‌సీ ఇచ్చి కూర్చుంటే చెల్లింపు తిరిగి వచ్చేస్తుంది. కొత్త పాసుపుస్తకం మొదటి పేజీ నకలు ఇవ్వండి. పాసుపుస్తకంలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉండి, బిల్లులో పూర్తిగా ఉన్నా పీఎఫ్‌ఎంఎస్ దగ్గర పేరు కుదరక నిలిచిపోవచ్చు.

తర్వాతది డిజిటల్ సంతకం కీ గడువు. అది దాటినా, సర్పంచు మారినా, కార్యదర్శి బదిలీ అయినా కొత్త కీ నమోదయ్యేదాకా ఒక్క రూపాయి కదలదు. గడువుకు నెల ముందే కొత్తదానికి పెట్టుకోవడం కార్యదర్శి పని. ఇది మరిచిపోయిన పంచాయతీలో జమ నిండుగా, ఖర్చు సున్నాగా కనిపిస్తుంది. అవినీతి అనుకునే ముందు కీ సంగతి అడగండి.

మూడోది ప్రణాళికలో లేని పని. తుపానుకు బోరు మోటారు కాలిపోయింది, అప్పటికప్పుడు కొన్నారు, తీరా బిల్లు పెట్టబోతే ఆ పని ఆ ఏటి ప్రణాళికలో లేదు. అలాంటప్పుడు గ్రామసభలో తీర్మానం చేసి అనుబంధ ప్రణాళిక ఎక్కించాలి. ముందుచూపున్న కార్యదర్శులు అక్టోబరు నుంచి సాగే ప్రణాళిక సభల్లోనే ‘నీటి పథకం మరమ్మతులు’ అని కొంత మొత్తం పెట్టి ఉంచుతారు. మంచిదే. కాకపోతే ఏడాది మొత్తం ఆ ఒక్క పేరు మీదే నడిస్తే ఏ మోటారు, ఏ గొట్టం అన్నది పోర్టల్ చూసినవాళ్లకు తెలియదు. వోచరు వివరంలో ట్యాంకు పేరు, వీధి పేరు రాయించమని గ్రామసభలో అడగడం మీ హక్కు.

ఏప్రిల్, మే నెలల్లో కొత్త వోచర్లు కనిపించకపోతే కంగారు అక్కర్లేదు. పాత సంవత్సరపు పుస్తకం మూసి, నిల్వ ముందుకు తెచ్చేదాకా కొత్త లెక్క మొదలవదు.

ఇక ఈ పోర్టల్ చూపించని మెట్టు. కేంద్ర ఆర్థిక శాఖ గ్రాంటును రాష్ట్రానికి ఏడాదికి రెండు వాయిదాల్లో విడుదల చేస్తుంది. అందిన 10 పనిదినాల్లో రాష్ట్రం స్థానిక సంస్థల ఖాతాల్లో వేయాలి. దాటితే వడ్డీతో ఇవ్వాలి. ముందటేడాది రాష్ట్రం తెచ్చిన మార్కెట్ అప్పుల సగటు వడ్డీ ఎంతో అంత. వడ్డీ 7 శాతం అనుకుని, రూ.10 లక్షలు 60 రోజులు ఆగితే సుమారు రూ.11,500. ఒక పంచాయతీకి కొన్ని నెలల బ్లీచింగు ఖర్చు అది. ఈ-గ్రామ్‌స్వరాజ్‌లో మీకు కనిపించేది ఊరి ఖాతాలో పడ్డ తేదీ. ఢిల్లీ నుంచి బయల్దేరిన తేదీ ఉండదు, అమరావతిలో ఎన్నాళ్లు ఆగిందో ఉండదు, అసలు ఢిల్లీయే ఏ కారణంతో ఆపిందో ఉండదు. ప్రజలకని పెట్టిన పోర్టల్‌లో ఢిల్లీ విడుదల చేసిన తేదీ, అమరావతి పంపిన తేదీ పక్కపక్కన లేకపోవడం పెద్ద లోటు. రెండు నిలువు గడులు చేరిస్తే చాలు.

ఆపే కారణాలు కూడా ముందే రాసి ఉన్నవే. ముందటేడాది తాత్కాలిక లెక్కలు, అంతకు ముందు ఏడాది ఆడిట్ అయిన లెక్కలు ఆన్‌లైన్‌లో ఉండాలి. రాష్ట్రం తన ఆర్థిక సంఘాన్ని వేసి, దాని సిఫార్సుల మీద తీసుకున్న చర్యను 2024 మార్చిలోగా శాసనసభ ముందు పెట్టాల్సి ఉండేది. 243-ఐ అధికరణ ప్రకారం అయిదేళ్లకోసారి వేయాల్సిన సంఘం అది. అన్నిటికీ మించి, ఎన్నికైన పాలకవర్గం ఉండాలి. 2018 ఆగస్టులో మన రాష్ట్రంలో పంచాయతీల గడువు ముగిసి, 2021 ఫిబ్రవరి ఎన్నికల దాకా ప్రత్యేకాధికారుల పాలన సాగింది. ఆ కాలపు గ్రాంటు ఆగడానికి కారణం ఊళ్లలో ఎవరి తప్పూ కాదు. 243-ఇ ప్రకారం పాలకవర్గం గడువు మొదటి సమావేశం నుంచి అయిదేళ్లే. ఎన్నికలు ఆలస్యమైన ప్రతిసారీ ఈ నష్టం తప్పదు. ఖాతాలో పడ్డాక కూడా 2021లో ఆర్థిక సంఘం నిధులను విద్యుత్ బకాయిలకు సర్దుబాటు చేశారని సర్పంచులు రాష్ట్రమంతటా ఆందోళన చేశారు. కాబట్టి ఆ ఏటి లెక్క చదివేటప్పుడు ఖర్చు అంకె వెనక పని ఉందా, సర్దుబాటు ఉందా అని విడిగా చూడాలి.

ఇంకో పరిమితి. పంచాయతీ సొంత రాబడి, అంటే ఇంటి పన్ను, నీటి పన్ను, దుకాణాల అద్దె, సంత వేలం, పైగా రాష్ట్రం నుంచి వచ్చే స్టాంపు డ్యూటీ సర్‌ఛార్జి వాటా, ఇసుక రాళ్ల మీద సీనరేజీ (తవ్వకం రుసుము), వృత్తి పన్ను వాటా. ఇవి సాధారణ నిధిగా ట్రెజరీ దారిలో సీఎఫ్‌ఎంఎస్ (రాష్ట్ర ప్రభుత్వ చెల్లింపుల వ్యవస్థ) ద్వారా నడుస్తాయి. ఈ-గ్రామ్‌స్వరాజ్ అంకె చూసి ఊరి మొత్తం రాబడి ఇదే అనుకోకూడదు. రణస్థలం, ఎచ్చెర్ల చుట్టుపక్కల ఫ్యాక్టరీలున్న పంచాయతీలకు, మెళియాపుట్టి కొండల పక్కనున్న పంచాయతీలకు తేడా తెలిసేది ఆ రెండో ఖాతాలోనే.

తెలుగు సంగతి. 2024లో భాషిణి యంత్రానువాదంతో భారతీయ భాషలు చేర్చారు. మెనూలు చదవడానికి పనికొస్తుంది. పనుల పేర్లు, పద్దుల పేర్ల దగ్గర సందేహం వస్తే ఇంగ్లీషు పేజీకి మార్చి పోల్చుకోండి. లెక్క విషయంలో అనువాదాన్ని నమ్ముకోవద్దు. ఫోన్‌లో అయితే ‘మేరీ పంచాయత్’ యాప్ తేలిక. జమ, ఖర్చు, పనులు చూపిస్తుంది. ఏళ్లవారీ పోలికకు మాత్రం పోర్టలే. ఆడిట్ రిపోర్టులకు ఆడిట్‌ఆన్‌లైన్ అని వేరే సైటుంది. ఆడిటరు రాసిన అభ్యంతరాలు చదివితే వోచర్లలో దేన్ని వెతకాలో తెలుస్తుంది.

2026 ఏప్రిల్ నుంచి అయిదేళ్లు అరవింద్ పనగరియా అధ్యక్షతన 16వ ఆర్థిక సంఘం సిఫార్సుల కాలం. పోర్టల్‌లో పద్దు పేరు మారుతుంది. 15వ సంఘం పేరుతో మిగిలిన నిల్వ వేరే, కొత్త జమ వేరే. రెండూ కలిపి చూసుకోండి.

మార్కులు వేయమంటే ఊరి ఖర్చు చూపించడంలో అయిదుకు నాలుగు, ఆలస్యం ఎక్కడో చూపించడంలో అయిదుకు ఒకటి. ఆ లోటు పూడ్చుకోవడానికి మరో రెండు చోట్లకు వెళ్లాలి. కేంద్ర ఆర్థిక శాఖ వ్యయ విభాగం వెబ్‌సైటులో స్థానిక సంస్థల గ్రాంటు విడుదల ఉత్తర్వులుంటాయి. రాష్ట్రానికి ఎంత, ఏ తేదీన అన్నది అక్కడ దొరుకుతుంది. రాష్ట్ర జీవోలు 2024 నుంచి మళ్లీ జీవోఐఆర్ పోర్టల్‌లో వస్తున్నాయి. పంచాయతీరాజ్ శాఖ కింద వెతికితే జిల్లాలకు పంచిన ఉత్తర్వు దొరకొచ్చు. దొరక్కపోతే సమాచార హక్కు దరఖాస్తు. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో దానికి రుసుము లేదు, మండలంలో రూ.5, పైన రూ.10. జవాబుకు గడువు 30 రోజులు. ‘నిధుల వివరాలు ఇవ్వండి’ అని రాస్తే ఒక మొత్తం రాసి పంపేస్తారు. ఇలా రాయండి: ఫలానా సంవత్సరం ఆర్థిక సంఘం గ్రాంటు మొదటి, రెండో వాయిదాలు పంచాయతీ ఖాతాలో జమైన తేదీలు, టైడ్, అన్‌టైడ్ విడివిడిగా మొత్తాలు, ఆలస్యానికి వడ్డీ జమైతే ఎంత, ఏ తేదీన, ఫలానా వోచరు నంబరుకు సంబంధించిన ఎం-బుక్ పేజీ నకలు. వోచరు నంబరు పోర్టల్‌లోంచే రాసుకోండి.